ఫోకస్ కుదరని పాత కెమెరా: తప్పు బాడీదా, లెన్సుదా?

ప్రశ్న: నా డీఎస్ఎల్ఆర్ కొని పదేళ్ల పైమాటేనండీ. ఈ మధ్య ఎవరిని ఫొటో తీసినా మొహం మసకగా, వెనకున్న గోడ మాత్రం నీట్‌గా వస్తోంది. వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరినట్టు చుక్క వెలుగుతుంది, బీప్ కూడా వినిపిస్తుంది. సెన్సర్ క్లీన్ చేయించమని ఒకరు, లెన్స్ పోయింది కొత్తది కొనమని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. సెన్సర్ మీద దుమ్ముంటే ఆకాశంలోనో తెల్లగోడ మీదో మచ్చలు కనిపిస్తాయి గానీ ఫోకస్ పక్కకు జరగదు. ఇక లెన్స్ సంగతంటారా, గోడ నీట్‌గా వస్తోందని మీరే రాశారు కదా, గాజు పాడై ఉంటే గోడ కూడా అలా రాదు. అంటే ఫోకస్ పడుతూనే ఉంది, కాకపోతే మీరు అడిగిన చోట కాకుండా దాని వెనక పడుతోంది. దీన్ని బ్యాక్ ఫోకస్ అంటారు.

అయితే ముందు ఒకటి చూసుకోండి. ఫోకస్ పాయింట్‌ను ఎంచుకునే పని కెమెరాకే వదిలేశారేమో. అలా వదిలేస్తే అది మొహాన్ని కాదని గోడ మీది గడియారాన్ని పట్టుకున్నా మనం చేసేదేమీ లేదు. మధ్య పాయింట్ ఒక్కటే పెట్టుకుని, కదలని వస్తువుల కోసం ఉండే సింగిల్ ఫోకస్ మోడ్‌లో నాలుగు ఫొటోలు తీయండి. చాలామంది బాధ ఇక్కడే తీరిపోతుంది.

తీరకపోతే లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలియాలి. మీరు వ్యూఫైండర్‌లోంచి చూస్తున్నప్పుడు ఫోకస్ చూసేది ఫొటో తీసే సెన్సర్ కాదు. లెన్స్ వెనక ఉండే పెద్ద అద్దం మధ్యభాగం గుండా కొంత వెలుతురు వెనక్కి వెళ్తుంది, అక్కడున్న చిన్న అద్దం దాన్ని కిందికి మళ్లిస్తుంది, కెమెరా అడుగున ఉన్న వేరే ఫోకస్ సెన్సర్ ఆ వెలుతురు చూసి లెన్స్‌ను ఎటు, ఎంత తిప్పాలో చెబుతుంది. లెన్స్ నుంచి ఆ సెన్సర్‌కు, లెన్స్ నుంచి ఫొటో సెన్సర్‌కు దూరం సరిగ్గా సమానంగా ఉంటేనే లెక్క కుదురుతుంది. కెమెరా ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నా, ఏళ్ల తరబడి పైకీ కిందికీ కొట్టుకుని చిన్న అద్దం ఆగే చోటు అరిగినా ఆ లెక్క తప్పుతుంది, బీప్ మాత్రం యథావిధిగా మోగుతుంది. వెనక తెర మీద చూస్తూ తీసే లైవ్ వ్యూలో ఈ గొడవ లేదు, అద్దం లేచిపోయి ఫొటో సెన్సరే నేరుగా ఫోకస్ చూసుకుంటుంది (కొన్ని పాత మోడళ్లలో లైవ్ వ్యూకు కూడా అద్దం దింపి చూసే క్విక్ మోడ్ ఉంటుంది, అది వాడకండి).

కాబట్టి పరీక్ష సులువే. అక్షరాలు ఉన్న అట్టపెట్టె ఒకటి కెమెరాకు ఎదురుగా నిటారుగా పెట్టి, దాని పక్కనే ఒక స్కేలును ముందుకీ వెనక్కీ సాగేలా వాల్చండి. 50 ఎంఎం లెన్స్ అయితే రెండు, రెండున్నర మీటర్ల దూరం చాలు. ట్రైపాడ్ మీద కెమెరా, పూర్తిగా తెరిచిన ఎపర్చర్ (ఎఫ్ అంకె ఎంత తక్కువకు వెళ్తే అంత), టైమర్. వ్యూఫైండర్‌తో కొన్ని, లైవ్ వ్యూతో కొన్ని తీయండి, ప్రతి షాట్‌కూ ముందు ఫోకస్ రింగ్ తిప్పి చెడగొట్టి మళ్లీ పట్టనివ్వండి, లేదంటే పాత ఫోకసే మిగిలిపోయి మోసపోతాం. తర్వాత పెద్దది చేసి చూడండి.

లైవ్ వ్యూలో కూడా మసకే అయితే అనుమానం లెన్స్ మీదికి పోవాలి. లైవ్ వ్యూ బాగుండి, వ్యూఫైండర్‌తో తీసినవన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే దూరం తప్పుతుంటే అది సర్దుబాటుతో పోయే తప్పు. ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి, మరొకటి సరిగ్గా, ఇలా అడ్డదిడ్డంగా వస్తే మాత్రం మెనూలో ఎన్ని అంకెలు మార్చినా టైమ్ వేస్ట్, ఎక్కడో ఏదో వదులైంది, రిపేరుకు ఇవ్వాల్సిందే. వీలైతే ఇంకో లెన్స్ తగిలించి కూడా చూడండి. రెండు లెన్సులూ ఒకేలా తప్పితే లోపం బాడీది.

సర్దుబాటును నికాన్‌లో ఏఎఫ్ (ఆటోఫోకస్) ఫైన్ ట్యూన్ అంటారు, కెనాన్‌లో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్. −20 నుంచి +20 దాకా ఉంటుంది. మీది వెనక పడుతోంది కాబట్టి మైనస్ వైపు వెళ్లాలి, −5తో మొదలుపెట్టి చూసుకుంటూ పోండి. చిక్కేమిటంటే చవక మోడళ్లలో ఈ మెనూ ఉండదు. కెనాన్ వాళ్లయితే 50డీలో ఇచ్చి, 60డీలో తీసేసి, 70డీలో మళ్లీ ఇచ్చారు, ఎందుకో వాళ్లకే తెలియాలి! మెనూ లేకపోతే సర్వీస్ సెంటర్‌లో బాడీని, లెన్స్‌ను కలిపి కాలిబ్రేట్ చేయించుకోవాలి, లేదా కదలని వాటిని లైవ్ వ్యూలోనే తీసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. అద్దాన్ని గుడ్డతో తుడవకండి. దాని పూత గాజు పైనే ఉంటుంది, గీత పడిందంటే అసలుకే ఎసరు. లెన్స్ తీసి, కెమెరాను బోర్లా పట్టుకుని, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టడం వరకే మన పని. డబ్బాలో వచ్చే గాలి స్ప్రే కూడా వద్దు.

ప్రశ్న: సాయంత్రమైతే చాలు నా జూమ్ లెన్స్ జర్‌మంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. మోటార్ పోయినట్టేనా?

జవాబు: పగలు బాగానే ఆగుతుంటే మోటార్‌ను అనుమానించక్కర్లేదు. జూమ్ చివరికి వెళ్లేసరికి కెమెరాతో పాటు వచ్చే చాలా కిట్ లెన్సులు ఎఫ్/5.6 దగ్గరికి వచ్చేస్తాయి, అంటే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది, పాత ఫోకస్ సెన్సర్లకు ఆ వెలుతురు బొటాబొటీ. మధ్య పాయింట్ వాడండి, నున్నటి చొక్కా మీద కాకుండా కాలర్ అంచు లాంటి చోట పట్టించండి. అలాగే లెన్స్ ముందు పాత ఫిల్టర్ ఉంటే తీసి చూడండి, ఫిల్మ్ కెమెరాల నాటి లీనియర్ పోలరైజర్ అయితే ఆటోఫోకస్‌ను తికమక పెడుతుంది. పగలు కూడా తడబడుతుంటే లెన్స్ వెనకున్న ఇత్తడి రంగు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి, ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ పెట్టండి. ఆ తర్వాత లెన్స్‌లోంచి టార్చ్ లైటు వేసి చూడండి, సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, క్లీనింగ్‌కు ఇవ్వక తప్పదు. ఆ ఖర్చు లెన్స్ ధరకు దగ్గరగా పడేట్టుంటే నన్నడిగితే వద్దంటాను.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. షట్టర్ బటన్ సగం నొక్కితే అసలు చలనమే లేదు.

జవాబు: లెన్స్ మీది స్విచ్ ఎంఎఫ్‌లో (మాన్యువల్ ఫోకస్, అంటే చేత్తో తిప్పుకునేది) ఉందేమో చూడండి. లేకపోతే పాత ఓనరు ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకుని అలాగే అమ్మేసి ఉంటాడు, సెట్టింగులన్నీ రీసెట్ చేయండి. నికాన్ డీ40, డీ3000, డీ5000 లాంటి వాటి బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు, వాటికి మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్స్ పెడితే చేత్తో తిప్పుకోవడమే.

ప్రశ్న: వ్యూఫైండర్‌లో అంతా మసక, ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వస్తున్నాయి.

జవాబు: కెమెరా బాగానే ఉంది. కన్ను పెట్టే చోటు పక్కన చిన్న చక్రం ఉంటుంది, లోపలి గీతలూ అంకెలూ స్పష్టంగా కనిపించేదాకా దాన్ని తిప్పండి. బ్యాగులో రాపిడికి అది తరచూ కదిలిపోతుంటుంది.