అక్క బిడ్డకు బీసీజీ వేయించవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అక్కను మా మేనమామకే ఇచ్చారు. తొలిచూలు మగబిడ్డ. మూడో నెల నుంచి నోట్లో తెల్లపూత, విరేచనాలు, తగ్గని దగ్గు. బీసీజీ వేసిన చోట పుండు మానలేదు, చంకలో గడ్డ కట్టింది. ఐదో నెలలో న్యుమోనియాతో పోయాడు. ఇప్పుడు అక్కకు మళ్ళీ ఏడో నెల. అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటున్న మా పెదనాన్న కొడుకు, అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ మీద గుచ్చి రోగనిరోధక శక్తి ఉందో లేదో చూస్తారని చెప్పాడు. ఆ పరీక్ష ఏమిటి? మనకు ఉందా?
– ఒక చెల్లెలు, నరసరావుపేట

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమేనమ్మా. ఆయన ఉంటున్న రాష్ట్రమే ఆ పరీక్షను అందరికంటే ముందు, 2008లో, మొదలుపెట్టింది. దాని కథ తర్వాత చెబుతాను. ముందు మీ అక్క సంగతి.

మీ ఉత్తరంలో న్యుమోనియా కన్నా బీసీజీ పుండు దగ్గరే నా కన్ను ఆగింది. క్షయ రాకుండా వేసే ఈ బీసీజీ టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న క్రిమి. మామూలు పిల్లల్లో చిన్న పుండై, కొన్ని వారాల్లో మాని, మచ్చ మిగులుతుంది. గడ్డ ఒక్కటే అయితే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ అప్పుడప్పుడు చూస్తాం. దానికి తెల్లపూత, విరేచనాలు, న్యుమోనియా తోడైతే మాత్రం ‘స్కిడ్’ అనే పుట్టుకతో వచ్చే తీవ్రమైన రోగనిరోధక లోపాన్ని అనుమానించాలి. బిడ్డ లేడు కనుక అదేనని తేల్చి చెప్పలేను.

మేనరికం అనగానే ఊరంతా ఆ దంపతులనే తప్పుబడుతుంది. స్కిడ్‌లో ఎక్కువగా కనిపించే ఒక రకం తల్లి ఎక్స్ క్రోమోజోము నుంచి మగబిడ్డకు వస్తుంది, దానికి మేనరికంతో పని లేదు. కొన్ని రకాలు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ రావాలి, అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు భయం ఉంటుంది. ఏ రకమో తెలియాలంటే కాన్పుకు ముందే దంపతులిద్దరూ జన్యు వైద్యుల్ని కలవాలి. హైదరాబాదు నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. మొదటి బిడ్డ కాగితాలు, స్లైడ్లు ఏవి ఉన్నా వెంట తీసుకెళ్ళండి.

ఎంసీపీ కార్డు (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) మీద ‘మొదటి బిడ్డ ఐదో నెలలో మరణం, రోగనిరోధక లోపం అనుమానం’ అని ఎర్ర సిరాతో రాయించండి. మన ఆసుపత్రుల్లో బీసీజీ, పోలియో చుక్కలు పుట్టిన రోజో మర్నాడో వేసేస్తారు. వేసే నర్సుకు మీ ఇంటి కథ తెలియదు. ఆ చుక్కల్లోనూ బతికున్న క్రిమే ఉంటుంది. కింద చెప్పే పరీక్షల రిపోర్టు వచ్చేదాకా ఆ రెండూ ఆపమని ఇంట్లోంచి ఒకరు నిలబడి చెప్పాలి. నెలన్నరకు వేసే రోటా చుక్కలకూ ఇదే మాట. హెపటైటిస్-బి టీకాలో బతికున్న క్రిమి ఉండదు కనుక దానికి అడ్డేమీ లేదు.

పుట్టగానే సీబీపీ అనే రక్తకణాల లెక్క చేయించి, రోగాలతో పోరాడే తెల్లకణాలైన లింఫోసైట్ల సంఖ్య చూడమనండి. అది మైక్రోలీటరుకు 3,000 లోపు ఉంటే అనుమానించాల్సిందే. నరసరావుపేటలోనే అయిపోయే పరీక్ష ఇది. ఒక్కోసారి తల్లి కణాలు బిడ్డలో చేరి లెక్కను బాగున్నట్టు చూపిస్తాయి. అందుకే సంఖ్య బాగున్నా, ఏ రకం కణాలు ఎన్ని ఉన్నాయో విడదీసి చూపే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష వదలొద్దు. బీసీజీ ముదిరే మరో జబ్బు, క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, లింఫోసైట్ల లెక్కలో దొరకదు. దానికి డీహెచ్‌ఆర్ అనే పరీక్ష వేరే అడగాలి. ముంబైలో ఐసీఎంఆర్ వారి రక్త, రోగనిరోధక పరిశోధన సంస్థ ఎన్‌ఐఐహెచ్, చండీగఢ్ పీజీఐ, వేలూరు సీఎంసీ ఇలాంటి పిల్లల్ని చూస్తున్న చోట్లు.

ఇక మీ అన్నయ్య చెప్పిన పరీక్ష. దాని పేరు ట్రెక్. రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో టీ-కణం (లింఫోసైట్లలో ఒక రకం) తయారయ్యేటప్పుడు తన జన్యువును కత్తిరించి అతికించుకుంటుంది. తీసేసిన ముక్క చిన్న వలయంగా చుట్టుకుని కణంలోనే ఉండిపోతుంది. దర్జీ మిషను కింద పడ్డ గుడ్డ పేలికల్ని చూసి ఎంత కుట్టాడో చెప్పినట్టు, ఆ వలయాలు లెక్కపెడితే థైమస్ ఎంత పని చేసిందో తెలుస్తుంది. వలయాలు లేకపోతే కొత్త టీ-కణాలు రావడం లేదన్నమాట.

చిత్రమేమిటంటే 1998లో దీన్ని వాడింది హెచ్‌ఐవీ రోగుల్లో థైమస్ పనితీరు తెలుసుకోవడానికి. పుట్టిన పిల్లల మడమ నెత్తురు అద్దే అట్ట 1960లలో రాబర్ట్ గత్రీ అనే అమెరికన్ శాస్త్రవేత్త వేరే జబ్బు కోసం చేసింది. ఆ ఎండిన చుక్క నుంచే వలయాల్ని లెక్కించవచ్చని 2005లో కీ చాన్, జెన్నిఫర్ పక్ అనే పరిశోధకులు చూపించారు. వ్యాసం అచ్చయితే సరిపోదు కదా, రోజూ వచ్చే అట్టలన్నిటికీ పరీక్ష చేయాలి. విస్కాన్సిన్‌లో ప్రభుత్వ లేబొరేటరీ వాళ్ళు, మెడికల్ కాలేజీ ఇమ్యునాలజిస్టులు, పిల్లల ఆసుపత్రి ఒకచోట కూర్చున్నారు. డబ్బు సాయం చేసినవాళ్ళలో జెఫ్రీ మోడెల్ ఫౌండేషన్ ఒకటి. రోగనిరోధక లోపంతో పుట్టి 1986లో పదిహేనేళ్ళకే న్యుమోనియాతో పోయిన కొడుకు పేరిట తల్లిదండ్రులు పెట్టిన సంస్థ అది. 2018 చివరికి అమెరికాలోని 50 రాష్ట్రాలూ ఈ పరీక్ష మొదలుపెట్టాయి. 30 లక్షల పిల్లల్ని చూసిన లెక్క 2014లో వచ్చింది: 52 మందికి స్కిడ్, అంటే దాదాపు 58,000 మందిలో ఒకరికి. స్కిడ్‌కు చికిత్సగా మూడున్నర నెలల లోపే మూలకణాల మార్పిడి (ఇంకొకరి రక్తం తయారుచేసే కణాలు ఎక్కించడం) జరిగిన పిల్లల్లో నూటికి 94 మంది బతికారని అదే ఏడాది మరో అధ్యయనం చెప్పింది.

మన దేశంలో ఇది ఇంకా ప్రభుత్వం ప్రతి బిడ్డకూ చేసే పరీక్ష కాదు. వచ్చినా, రిపోర్టు రాకముందే బీసీజీ వేసేస్తే సగం లాభం పోతుంది. అలాగని అందరికీ టీకా ఆపమని నేననను. పసిపిల్లల మెదడుకు క్షయ సోకితే ఏమవుతుందో వార్డుల్లో చూసినదాన్ని. మీ అక్కలాంటి ఇళ్ళను వెతికి పట్టుకోవడం ముందు జరగాల్సిన పని, దానికి కొత్త యంత్రం అక్కర్లేదు.

ప్రశ్న: మా నాలుగేళ్ళ పాపకు రెండు నెలలకోసారి జలుబు. ఇమ్యూనిటీ సిరప్ వాడమంటున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దు. బడికి వెళ్ళే పిల్లలకు ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే. ఏడాదిలో రెండు న్యుమోనియాలు, నెలల తరబడి యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోవడం, బరువు పెరగకపోవడం, ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఇలాగే పోవడం – వీటిలో ఏదైనా ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. లేకపోతే ఆ సిరప్ డబ్బుతో కోడిగుడ్లు కొనండి.