చైనా రేగు: ఆకు తిప్పి చూడండి, కొమ్మ చూసి కోయండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చైనా రేగు మీదే. ఎర్ర ఖర్జూరమనీ, ఉన్నాబ్ అనీ, జుజుబ్ అనీ రకరకాల పేర్లతో అడిగారు. అందరూ అడిగింది ఒక చెట్టు గురించే కాబట్టి జవాబులన్నీ ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న: జోషాందా కషాయం కాచుకోవడానికి యునానీ దుకాణంలో ఉన్నాబ్ కొన్నాను. సూపర్‌మార్కెట్లో ‘రెడ్ డేట్స్’ అని అమ్మేవీ అలాగే ఉన్నాయి. ఇవి ఖర్జూరాలా, మన రేగుపళ్లా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

ఖర్జూరాలు కావు. ఉన్నాబ్, రెడ్ డేట్స్ రెండూ ఒకే జాతి చెట్టు కాయలు. దాని శాస్త్రీయ నామం జిజిఫస్ జుజుబా. భోగిపళ్లుగా పోసే మన రేగు జిజిఫస్ మారిషియానా. ప్రజాతి ఒకటే, జాతులు వేరు. చైనా రేగు కణంలో క్రోమోజోములు 24 ఉంటే, మన రేగులో సాధారణంగా 48 ఉంటాయి.

చెట్టు ఎదురుగా ఉంటే ఆకు తిప్పి చూడండి. రెండింటికీ ఆకు మొదలు నుంచే మూడు ఈనెలు బయల్దేరతాయి, కాబట్టి పైనుంచి చూసి తేల్చలేరు. మన రేగాకు అడుగున తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది. చైనా రేగాకు అడుగుభాగం కూడా దాదాపు నున్నగా, పచ్చగానే ఉంటుంది, పైభాగం నూనె రాసినట్టు మెరుస్తుంది. ముల్లు నమ్మదగిన గుర్తు కాదు. చైనా రేగుకు కణుపు దగ్గర రెండు ముళ్లుంటాయి, ఒకటి 3 సెంటీమీటర్ల దాకా నిటారుగా, రెండోది పొట్టిగా కొక్కెంలా. అయితే తోటల్లో పెంచే రకాల్లో చాలావాటికి ముళ్లు తక్కువ, కొన్నిటికి అసలే లేవు.

కాయ మాత్రమే చేతిలో ఉంటే గింజ తీయండి. చైనా రేగు గింజ రెండు చివరలా మొనదేలి కదురులా ఉంటుంది. మన రేగు గింజ గుండ్రంగా, గరుకుగా, బొడిపెలతో ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద తేడా కాలంలో ఉంది. మన రేగు నడివేసవిలో ఆకు రాల్చి, తొలకరికి చిగురించి, వానలు తగ్గుముఖం పట్టే వేళకు పూసి, సంక్రాంతి అటూఇటూ పండుతుంది. చైనా రేగు చలికాలమంతా మోడుగా ఉంటుంది. వసంతంలో తక్కిన పండ్లచెట్లన్నీ చిగురించాక, తీరిగ్గా అన్నిటికంటే ఆలస్యంగా చిగురిస్తుంది. ఉత్తర చైనాలో మే చివర, జూన్‌లో పూసి, సెప్టెంబరు, అక్టోబరుల్లో పండుతుంది. పూత ఆ ఏటి కొత్త రెమ్మల మీదే వస్తుంది గనక వసంతంలో ఆలస్యంగా పడే మంచు దాన్ని తాకదు.

ఒక జాగ్రత్త. పాత వృక్షశాస్త్ర, మూలికల పుస్తకాల్లో ‘జిజిఫస్ జుజుబా’ అని కనిపిస్తే అది మన రేగే కావచ్చు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ జుజుబా అన్నది భారతదేశపు రేగునే. 1768లో మరో వృక్షశాస్త్రజ్ఞుడు మిల్లర్ అదే మాటను చైనా చెట్టుకు తగిలించాడు. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నది మిల్లర్ పేరు. కాబట్టి పాత పుస్తకంలోని గుణాలను సూపర్‌మార్కెట్ కాయకు అంటగట్టే ముందు ఆ పుస్తకం ఏ కాలానిదో చూడండి.

ప్రశ్న: నర్సరీలో ‘యాపిల్ బేర్, చైనా జుజుబ్ రకం’ అంటూ అంట్లు అమ్ముతున్నారు. రెండెకరాల్లో వేయవచ్చా? – ఒక రైతు, అనంతపురం జిల్లా

యాపిల్ బేర్ మన రేగు జాతిదే, కాయ పెద్దదైన రకం. ఉమ్రాన్, గోలా, కైతలీ కూడా ఆ జాతివే. అనంతపురానికి అవి నప్పుతాయి, వేయండి. చైనా పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం అక్కడే ఆకు తిప్పి చూపించండి.

అసలు చైనా రేగు సంగతి వేరు. చౌడునూ, వానల కొరతనూ తట్టుకుంటుంది, మైనస్ 25 డిగ్రీల చలికీ చావదు. హెబే, షాన్‌డాంగ్, షాన్‌షీ, హెనాన్, షింజియాంగ్ వంటి చైనా ప్రాంతాల్లో అంత విస్తారంగా పెరగడానికి కారణం వేసవి మండిపోవడం, చలికాలం గడ్డకట్టించడం. ఆ చలి నిద్ర మన మైదానాల్లో దొరకదు. సరదాకి ఒక మొక్క వేసుకోవచ్చు గానీ రెండెకరాల పెట్టుబడి పెట్టదగిన పంట కాదని మా అభిప్రాయం. చైనా రేగు కత్తిరింపుల తేదీలను మీ తోటకు వాడకండి. అక్కడ కత్తిరించేది చలికాలం చివర. మీరు కత్తిరించాల్సింది చెట్టు నిద్రలో ఉండే ఏప్రిల్, మే నెలల్లో.

ప్రశ్న: పెరట్లో ‘లీ’ రకం అంటు నాటి ఆరేళ్లయింది. పూత విపరీతం, కాయలు పట్టుమని పది ఉండవు. పైగా ఆకులతోపాటు సన్న రెమ్మలు వందలకొద్దీ రాలిపోతున్నాయి. ఇది తెగులా? – ఒక పాఠకుడు, డాలస్, టెక్సస్

రెమ్మలు రాలడం తెగులు కాదు, ఆ చెట్టు తీరే అంత. దాని కొమ్మల అమరిక తెలిస్తే మీ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

చైనా రేగుకు నాలుగు రకాల కొమ్మలుంటాయి. మొదటిది పొడుగు కొమ్మ, చెట్టు ఎత్తూ వెడల్పూ పెంచేది ఇదే. దాని పక్కల నుంచి కణుపు కణుపుకూ వంక తిరుగుతూ వచ్చేది రెండో రకం. ఇది ఒక్క ఏడే పెరుగుతుంది, కొసన మొగ్గ ఉండదు కాబట్టి మరుసటి ఏడు పొడుగు సాగదు. దాని ప్రతి వంపు దగ్గరా ఒక బొడిపె ఏర్పడుతుంది. అది మూడోది. ఏడాదికి 1–2 మిల్లీమీటర్ల కంటే ఎదగని ఈ బొడిపే చెట్టుకు ప్రాణం. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసు బొడిపెలు బాగా కాస్తాయి. ఏటా వసంతంలో ఒక్కో బొడిపె నుంచి రెండు నుంచి అయిదు దాకా పచ్చటి సన్న రెమ్మలు వేలాడతాయి, ఒక్కోటి 10–25 సెంటీమీటర్లు. ఇదే నాలుగో రకం. చూడగానే వేపమండలా ఒకే ఆకేమో అనిపిస్తుంది. కాదు. అది కొమ్మే, ఎందుకంటే ప్రతి ఆకు చంకలోనూ పూల గుత్తి ఉంటుంది. కాయ పట్టేది దీనిమీదే. శరదృతువులో ఆకులతోపాటు ఈ రెమ్మ మొత్తంగా ఊడి పడిపోతుంది. మీరు ఊడుస్తున్నది దాన్నే.

కాబట్టి చలికాలంలో చెట్టును ‘శుభ్రం’ చేస్తూ బొడిపెలున్న వంకర కొమ్మల్ని కొట్టేస్తే వచ్చే ఏడు పంట పోయినట్టే. ఒకచోట కొత్త పొడుగు కొమ్మ కావాలంటే రెండు కత్తిరింపులు చేయాలి. పొడుగు కొమ్మ కొస కోసి, ఆ కోతకు కిందనే ఉన్న వంకర కొమ్మను కూడా మొదలంటా తీసేయాలి. కొస ఒక్కటే కోస్తే పెరుగుదల అక్కడితో ఆగుతుంది, కొత్తది రాదు. పెంచడానికి రెండు కోతలు, ఆపడానికి ఒకటి.

ఇక పిందె సంగతి. పువ్వు 6–8 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. అయిదు రక్షక పత్రాలు, అయిదు ఆకర్షక పత్రాలు, వాటికి ఎదురుగా అయిదు కేసరాలు, మధ్యలో తేనె ఊరే దళసరి పళ్లెం. తేనెటీగలకు పండగే. అయినా ఉత్తర చైనా తోటల్లో కూడా కాయగా నిలిచేది వంద పూలకు ఒకటి. మీకు అదీ నిలవకపోవడానికి మూడు కారణాలు ఉండవచ్చు. పూత వేళ పొడి వడగాలి వీస్తే పువ్వు మాడి రాలుతుంది. నత్రజని ఎరువు ఎక్కువైతే పొడుగు కొమ్మలు చెట్టు బలమంతా లాగేస్తాయి. ఒకే రకం ఒక్క చెట్టే ఉంటే పరపరాగ సంపర్కం ఉండదు.

ముందుగా పూత మొదలవగానే కొత్త పొడుగు కొమ్మల చిగుళ్లు తుంచండి. ఆ నెలంతా నత్రజని వేయకండి. ఎండ దిగాక చెట్టు మీద సన్నగా నీళ్లు చల్లండి. ఈ చలికాలంలో దగ్గర్లోనే ‘లాంగ్’ లాంటి వేరే రకం ఒకటి నాటండి. చైనా తోటల్లో పూత నడుస్తుండగా లీటరు నీటికి 10–15 మిల్లీగ్రాముల జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను కలిపి కొడతారు. ఇంటి చెట్టుకు అంత అవసరం లేదు.

హెబే, షాన్‌డాంగ్ రైతుల చివరి అస్త్రం బెరడు ఉంగరం తీయడం. ఆకులు తయారుచేసిన చక్కెర వేళ్లకు దిగకుండా నెల రోజులు పైనే నిలిచి పిందెకు అందుతుంది. మాను కనీసం 10 సెంటీమీటర్ల లావైతేనే చేయాలి. మూడో వంతు పూలు విచ్చుకున్నప్పుడు, నేలకు 20–30 సెంటీమీటర్ల ఎత్తున పైపెచ్చు గీకి, 3–7 మిల్లీమీటర్ల వెడల్పున బెరడును చుట్టూ తీయాలి. లోపలి కట్టెకు కత్తి తగలకూడదు. మరుసటి ఏడు ఉంగరాన్ని కొన్ని సెంటీమీటర్లు పైన తీయాలి. గాయం 30–40 రోజుల్లో పూడాలి. పూడకపోతే వేళ్లు పస్తుండి చెట్టు నీరసిస్తుంది, అప్పుడు తడిమట్టి మెత్తి ప్లాస్టిక్ చుట్టాలి. ఉంగరంలో పురుగు చేరకుండా వారానికోసారి చూడాలి. నీరసంగా ఉన్న చెట్టుకు ఇది చేయనే చేయకూడదు.

ఈ కిటుకు మూలం చాలా పాతది. 6వ శతాబ్దంలో చైనాకు చెందిన జియా సిషే తన వ్యవసాయ గ్రంథంలో, చైనా కొత్త సంవత్సరం తొలిరోజు సూర్యోదయాన గొడ్డలి వెనకవైపుతో మానును అక్కడక్కడా మోదమన్నాడు. మోదకపోతే పూస్తుంది గానీ కాయదన్నాడు. మీ ఫిర్యాదూ అదే కదా!

ప్రశ్న: కాయలు ఎప్పుడు కోయాలి? పండబోయే ముందు పగులుతున్నాయి. – ఒక పాఠకురాలు, ఫ్రెస్నో, కాలిఫోర్నియా

ఆకుపచ్చ పోయి పాలిపోయిన దశలో కోస్తే పిండిలా ఉంటుంది, ఇంట్లో పెట్టినా తీపెక్కదు. సగం ఎర్రబడ్డాక యాపిల్‌లా కరకరలాడుతుంది. పచ్చిగా తినడానికి అదే అదను. ఎండబెట్టేవి చెట్టుమీదే పూర్తిగా ఎర్రబడి తొక్క ముడతలు పడేదాకా ఉంచాలి. 1908 నుంచి అమెరికా వ్యవసాయ శాఖ తరఫున మొక్కలు సేకరించిన ఫ్రాంక్ మేయర్ చైనా నుంచి అమెరికాకు పంపిన రకాల్లో లీ, లాంగ్ ఉన్నాయి. లీ పచ్చిగా బాగుంటుంది, లాంగ్ ఎండబెట్టడానికి.

పగుళ్లకు కారణం ఎర్రబడే వేళ పడిన వాన, లేదా ఎండగట్టి ఒక్కసారిగా ఇచ్చిన నీరు. లోపల చక్కెర చిక్కబడ్డ కాయ నీరు పీల్చుకుంటే తొక్క సాగలేక చీలుతుంది. నీరు కొంచెం కొంచెంగా, ఆపకుండా ఇవ్వండి. చీలినవి ఎండబెట్టకండి, బూజు పడతాయి.

ప్రశ్న: అద్దె ఇంటి పెరట్లో ఈ చెట్టుకు చీపురు కట్టల్లా గుబుర్లు వచ్చాయి, పూల స్థానంలో ఆకులు వస్తున్నాయి. దాని పిలక తీసి నాటుకోవచ్చా? – ఒక పాఠకుడు, సువాన్, దక్షిణ కొరియా

వద్దే వద్దు. మన నువ్వుల్లో, వంగలో వచ్చే వెర్రితెగులు తెలుసు కదా, అలాంటిదే ఇది. కారణం ఫైటోప్లాస్మా అనే అతి సూక్ష్మజీవి. దీపపు పురుగుల ద్వారా, అంట్ల ద్వారా పాకుతుంది. పూవు కాడ సాగి, రక్షక పత్రాలు చిట్టి ఆకులవుతాయి. మొగ్గలన్నీ ఒకేసారి పగిలి, పసుపు తిరిగిన పీల ఆకులతో గుబురవుతుంది. ఆ గుబురు చలికాలంలో రాలక ఎండి వేలాడుతుంటే గుర్తు ఖాయం. సూక్ష్మజీవి వేళ్లలోనూ ఉంటుంది కాబట్టి బాగున్నట్టు కనిపించే పిలకతోనూ తెగులు వచ్చేస్తుంది. మానులోకి టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తే లక్షణాలు తగ్గుతాయి గానీ రోగం పోదు. చిన్న చెట్లు ఒకటి రెండేళ్లలోనే చచ్చిపోతాయి. యజమానికి చెప్పి వేళ్లతో సహా తీయించండి.

ప్రశ్న: ఆకు నమిలి చక్కెర తింటే ఇసుకలా ఉందట, నిజమా? – ఒక విద్యార్థి, వరంగల్

నిజమే. పొడపత్రి చేసే పనే. చైనా రేగాకులోని జిజిఫిన్లు అనే పదార్థాలు నాలుకకు తీపి తెలియకుండా చేస్తాయి, కాసేపటికి మామూలవుతుంది. తీపి తెలియకపోయినా చక్కెర ఒంట్లోకి వెళ్తూనే ఉంటుంది.

ప్రశ్న: ఎర్ర ఖర్జూరం తింటే రక్తం పడుతుందంటారు. నిద్రకోసం ‘సువాన్ జావో రెన్’ అనే గింజలు కూడా తెప్పించాను. అసలువో కావో ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకురాలు, విజయవాడ

చైనా వైద్యంలో ఎండు కాయను శక్తికీ, రక్తానికీ వాడతారు. చైనా అధికారిక ఔషధ గ్రంథం (ఫార్మకోపియా) చెప్పే మోతాదు 6–15 గ్రాములు, గింజ తీసి లేదా కాయ చీల్చి కషాయంలో వేస్తారు. ఇనుము కోసమైతే ఇది సరైన దారి కాదు. వంద గ్రాముల ఎండు కాయలో ఇనుము రెండు మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ, చక్కెర మాత్రం 60 గ్రాములకు పైనే. రక్తహీనత ఉంటే పరీక్ష చేయించి డాక్టరు ఇచ్చిన మాత్ర వేసుకోండి. మధుమేహం ఉంటే కాయలు లెక్కపెట్టుకుని తినాలి. పచ్చికాయలో విటమిన్ సి వంద గ్రాములకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది, ఎండితే చాలామటుకు పోతుంది.

నిద్రగింజలు పెద్ద కాయలవి కావు. ముళ్లపొదగా పెరిగే, పుల్లటి కాయలు కాసే చైనా రేగు రకం గింజను పగలగొట్టి తీసిన లోపలి పప్పు అది. కాయ చిన్నది, గింజే ఎక్కువ, పప్పు తీయడం శ్రమ, అందుకే ధర ఎక్కువ. ధర ఎక్కువ కాబట్టి కల్తీ కూడా. ఆ కల్తీకి ఎక్కువగా వాడేది మరేదో కాదు, మన రేగు పప్పే. అసలుది ఊదా ఛాయ కలిసిన ఎరుపు లేదా గోధుమరంగులో నిగనిగలాడుతుంది, 5–9 మిల్లీమీటర్ల పొడవుంటుంది, చాలావాటికి ఒక పక్క మధ్యలో నిలువునా ఉబ్బెత్తు గీత ఉంటుంది. మన రేగు పప్పు పసుపు కలిసిన గోధుమరంగులో, పలచగా, ఆ గీత లేకుండా ఉంటుంది. తెల్ల కాగితం మీద గుప్పెడు పోసి భూతద్దంతో చూస్తే చాలు. నిద్రమాత్రలో, మానసిక చికిత్స మందులో వాడుతుంటే మాత్రం డాక్టరును అడగకుండా ఈ గింజల కషాయం తాగకండి.