నీ కథలో ఆ ఉత్తరం ఎవరు రాశారు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రెండు సార్లు చదివా. మొదటిసారి బస్సులో ఫోన్లో, రెండోసారి ఇంట్లో ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకుని. లేటుగా రాస్తున్నందుకు ఏమనుకోకు, మోకాలి నొప్పి ఒకటి, మనవరాలి పరీక్షలు ఒకటి, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

కథ బాగుంది. ఎస్సై, ఆ టీ కొట్టు, పోస్ట్‌మార్టం రూం బయట కూర్చున్న తండ్రి తువ్వాలు మడత పెట్టడం విప్పడం మళ్ళీ మడత పెట్టడం, ఇవన్నీ చూసి రాసినవే అని తెలిసిపోతోంది. కానీ చనిపోయిన అమ్మాయి రాసినట్టు రెండు పేజీల ఆత్మహత్య ఉత్తరం పెట్టావే, అక్కడ కథ కూలబడింది. ఆ ఉత్తరంలో ఆ అమ్మాయి లేదు, నువ్వున్నావు. "జీవితం ఒక వాడిన పువ్వు" అని ఏ అమ్మాయి రాస్తుందిరా? తర్వాత ఆ భాషా నిపుణుడు వచ్చి ఉత్తరం ఒక్కసారి చదివి, ఇది మొగుడు రాసింది, ఎందుకంటే ఇందులో నిజమైన బాధ లేదు అని తేల్చేయడం... అది అసలు జరగదు. ఎందుకు జరగదో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు ఒక పాత సంగతి. 1949లో లాస్ ఏంజెలెస్ లో ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే సైకాలజిస్టు కౌంటీ కరోనర్ (అనుమానం ఉన్న చావుల్ని విచారించే అధికారి) ఆఫీసుకి ఏదో పని మీద వెళ్తే అక్కడ పాత ఫైళ్ళలో ఇలాంటి ఉత్తరాలు వందల కొద్దీ కనిపించాయి. ఆయన, ఫార్బరో అనే ఆయన కలిసి ఒక పని చేశారు. 33 నిజం ఉత్తరాలు తీసుకున్నారు, దాదాపు అదే వయసు అదే రకం ఉద్యోగాలున్న మామూలు మనుషుల్ని పట్టుకుని, మీరే అలాంటి ఉత్తరం రాయాల్సొస్తే ఏం రాస్తారో రాయండి అని ఇంకో 33 ఉత్తిత్తివి రాయించారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఉత్తిత్తి వాటిలోనే ఫిలాసఫీ ఎక్కువ, జీవితం గురించి ఆలోచనలు ఎక్కువ. నిజం వాటిలో చిన్న చిన్న పనులు, ఫలానావాళ్ళకి ఫోన్ చెయ్యండి, బండి రిపేరుకిచ్చా తెచ్చుకోండి, ఇలాంటివి. ఒకే ఉత్తరంలో కోపం ఉంటుంది, పక్క లైన్లోనే ప్రేమ ఉంటుంది, రెండిటికీ మధ్య వంతెన ఉండదు.

నువ్వు రాసింది ఆ రెండో కుప్పలోది. నీ తప్పేం లేదు, బయట నుంచి ఊహించేవాళ్ళం అందరం అలాగే రాస్తాం. అసలు చాలామంది ఏ ఉత్తరం రాయకుండానే పోతారు, కథల్లో సినిమాల్లోనే ప్రతి ఒక్కరూ రాసిపెట్టి పోతారు. నీ కథకి ఉత్తరం కావాలంటే పెట్టుకో, కానీ అది మామూలు విషయం కాదని తెలిసి పెట్టుకో.

ఇదేదో పుస్తకాల్లో చదివి చెప్తున్నా అనుకోకు. నా చేత్తో నేను చేసిన వెధవ పని ఒకటుంది, ఇన్నేళ్ళలో ఇద్దరు ముగ్గురికి తప్ప చెప్పలేదు. నేను గుంటూరు వాణ్ణి అని తెలుసుగా, తొంభైల చివర్లో నిజామాబాద్ లో ఒక పేపరు జిల్లా డెస్కులో సబ్ఎడిటర్ గా ఉన్నా. ఒక రాత్రి ఒక ఊరి నుంచి వార్త వచ్చింది, బీడీలు చేసే ఒకావిడ చనిపోయింది, ఉత్తరం జిరాక్స్ కూడా విలేకరి పంపించాడు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద తొమ్మిది లైన్లు. ఇన్‌చార్జి ఏమన్నాడంటే ఉత్తరం బాక్సు కట్టి వెయ్యి, కాస్త నీట్ గా చెయ్యి అన్నాడు. నేను నీట్ గా చేశా. స్పెల్లింగులు దిద్దా. "బీడీల పైసలు కార్ఖానల రావాలె, అవ్వకియ్యుండ్రి" అని ఉంది, దాన్ని "కార్ఖానాలో రావలసిన బీడీల డబ్బు నానమ్మకు ఇవ్వండి" అని మార్చా. ఎందుకంటే మా వైపు అవ్వ అంటే నానమ్మో అమ్మమ్మో. చివర్లో షాపులో బాకీ లెక్క ఒకటి ఉంటే బాక్సులో పట్టడం లేదని తీసేశా. దాని బదులు "నన్ను క్షమించండి" అని ఒక మాట చేర్చా, లోపల లేదు అది, కానీ ఏదో వెలితిగా అనిపించింది మరి.

మూడో రోజు ఆవిడ తమ్ముడు ఆఫీసుకొచ్చాడు, చేతిలో మా పేపరు నాలుగు మడతలు పెట్టి ఉంది. కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నా. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. "సార్ ఇది మా అక్క రాసింది కాదు" అన్నాడు. "మా అక్క ఇట్ల మాట్లాడది సార్, మాకు నానమ్మే లేదు, నేను పుట్టకముందే సచ్చిపోయింది, ఎవరో రాసిండ్రు ఇది, రాసి మా అక్క పేరు పెట్టిండ్రు." వాళ్ళ అక్కని ఎవరో చంపి ఉత్తరం రాసి పెట్టారని అతని అనుమానం, అసలు కాగితం పోలీసుల దగ్గర ఉంది, అతను చూడలేదు, చూసింది నా బాక్సే. అక్కడ అవ్వ అంటే అమ్మ అని నాకు అప్పుడు తెలిసింది, రెండేళ్ళు ఆ ఊళ్ళో అన్నం తిన్నాక. డ్రాయర్లోంచి జిరాక్స్ తీసిచ్చా. రాత చూసి "ఇది మా అక్కదే" అని గోడవైపు తిరిగాడు. నాకు లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం గురించి ఒక్క ముక్క తెలియని రోజులు అవి. కానీ చదువు పెద్దగా లేని ఆ కుర్రాడు చేసింది అచ్చంగా అదే పని, రాసిన మనిషి మాట తెలుసు కాబట్టి ఇది ఆ మాట కాదని పట్టుకున్నాడు. కాకపోతే దొంగ ఎవరో అతనికి తెలియదు, ఎదురుగానే నిలబడి ఉన్నా.

కేసుల్లో రాత ఎవరిదో మాటల్ని బట్టి చూసే ఈ ఫోరెన్సిక్ లింగ్విస్టిక్స్ అన్నది ముఖ్యంగా ఇదే. పోల్చి చూడటం. ఈ కాగితం చదివి ఏదీ తేలదు, ఆ మనిషి మామూలుగా రాసుకున్న వేరే కాగితాలు కూడా కావాలి. 1952లో ఇంగ్లండులో డెరెక్ బెంట్లీ అనే 19 ఏళ్ళ కుర్రాడి మీద పెట్టిన హత్య కేసు ఉంది. పోలీసులు అతని స్టేట్‌మెంట్ అతను చెప్పింది చెప్పినట్టు రాశామన్నారు, 1953 జనవరిలో ఉరి తీసేశారు. చాలా ఏళ్ళ తర్వాత మాల్కం కూల్ట్‌హార్డ్ అనే ప్రొఫెసర్ ఆ 582 మాటల స్టేట్‌మెంట్ లో "అప్పుడు" అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట పదిసార్లు ఉందని, అదీ "నేను అప్పుడు" అని పోలీసులు రిపోర్టులు రాసే వరసలో ఉందని, మామూలు జనం అలా మాట్లాడరని చూపించాడు. 1998లో కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మన వైపు పంచనామాలు చదివావా ఎప్పుడైనా? "సదరు", "తదుపరి", "అంతట నేను". పదో తరగతి తప్పిన మనిషి ఉత్తరంలో "సదరు" కనిపిస్తే ఎవడికైనా చెవి నిక్కబొడుచుకోవాలి.

నీ కథకి పనికొచ్చేది ఇంకొకటి. 1992లో అమెరికాలో నార్త్ కరోలినాలో ఒక యువకుడు చనిపోయాడు, ఉత్తరాలు కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి చేతిరాత చూసే వీల్లేదు. పోలీసులు కారోల్ చాస్కీ అనే లింగ్విస్టుని అడిగారు. ఆవిడ అతని రాతలు, రూమ్మేట్ల రాతలు తెప్పించుకుని అర్థం సంగతి పక్కన పెట్టి వాక్యాలు కట్టిన పద్ధతి చూసింది, "అండ్" లాంటి మాటలతో వేటిని వేటికి కలుపుతున్నారు అని. అది చనిపోయినవాడితో కలవలేదు, ఒక రూమ్మేట్ తో కలిసింది, తర్వాత అతనికి శిక్ష పడింది. చూశావా, బాధ ఉందా లేదా అని చూడలేదు ఆవిడ. కలిపే మాటలు చూసింది, ఎందుకంటే అవి మనకి తెలియకుండా పడిపోతాయి, దొంగ కూడా వాటిని దాచాలని అనుకోడు.

మరి తెలుగులో ఏం చూస్తారు? ఇక్కడ నువ్వు తల పెట్టాలి, ఇంగ్లీషు కథల్లోంచి ఎత్తుకొస్తే కుదరదు. మనం మాట్లాడేటప్పుడు "అండ్" లాంటి మాటే వాడం, అమ్మా నాన్నా అని దీర్ఘం తీస్తాం, వెళ్ళి చూసి వచ్చి అని అల్లుకుపోతాం. నోటితో ఎవడూ అనని "మరియు" ఉత్తరంలో ఉందంటే రాసినవాడు ఆఫీసు కాగితాలతోనో పాఠ్యపుస్తకాలతోనో మసలినవాడు అయ్యుంటాడు. "మనం", "మేము" తేడా ఇంగ్లీషులో లేనే లేదు, మనకుంది, కోడలు ఉత్తరంలో అత్తగారింటిని "మన ఇల్లు" అందా "మా ఇల్లు" అందా, అది పెద్ద సంగతి. పెన్‌బేకర్ అనే ఆయన 2001లో కవుల మీద ఒక స్టడీ చేశాడు, ఆత్మహత్య చేసుకున్న కవుల పద్యాల్లో "నేను" ఎక్కువగా వస్తోందని. నువ్వు దాన్ని తెలుగులో లెక్కపెడదామంటే దొరకదు, మన "నేను" క్రియ చివర దాక్కుంటుంది, పోతున్నాను అంటే చాలు కదా.

ఇప్పుడు చాలా వరకు ఫోన్లోనే. నీ కథలో వాట్సాప్ మెసేజ్ పెడితే ఇంకా బలంగా ఉంటుంది అని నా సలహా. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు "లేదు"లో డి తర్వాత హెచ్ కొట్టేవాళ్ళు ఉంటారు, కొట్టని వాళ్ళు ఉంటారు, దీర్ఘానికి రెండు ఏలు వేసేవాళ్ళు, ఒకటితో సరిపెట్టేవాళ్ళు. మా ఆవిడ మెసేజ్ లో హెచ్ లేకపోతే అది మనవరాలు కొట్టిందని నాకు వెంటనే తెలుస్తుంది. ఇంగ్లండులో 2005లో ఒక అమ్మాయి కనపడకుండా పోతే ఆ అమ్మాయి ఫోన్ నుంచి వచ్చిన మెసేజ్‌లు ఆమె కొట్టినవి కావని ఇలాంటి అలవాట్లతోనే చూపించారు. కానీ జాగ్రత్త, "బాధ"ని "భాద" అని రాశాడు కాబట్టి వీడే అని నీ ఎస్సై చేత అనిపించకు, సగం ఆంధ్రా తెలంగాణ అలాగే రాస్తుంది. ఒక్క అలవాటు దేనికీ చాలదు, నాలుగైదు కలవాలి, అప్పుడు కూడా "కలుస్తోంది" అంటారు గానీ "వీడే" అనరు. తొమ్మిది లైన్ల కాగితానికి అది కూడా కష్టమే.

"నా చావుకు ఎవరూ కారణం కాదు" అని పెట్టావు. పెట్టు, తప్పులేదు, మన దగ్గర అది పత్రానికి స్టాంపు లాంటిదైపోయింది, అందుకే దానివల్ల నిజమనీ తేలదు, అబద్ధమనీ తేలదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల రాసిన ఉత్తరం గుర్తుందా, ఇంగ్లీషులో ఉంటుంది. అందరూ అందులో నక్షత్రాల మాట పోస్టర్ల మీద వేసుకున్నారు. నన్ను పట్టి ఆపేసింది వేరే లైన్లు. ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్భై ఐదు వేలు రావాలి, మా ఇంట్లోవాళ్ళకి అందేలా చూడండి, ఒక స్నేహితుడికి నలభై వేలు ఇవ్వాలి, అతను ఎప్పుడూ అడగలేదు, అయినా ఇచ్చెయ్యండి. అంతా అయ్యాక, ఫార్మాలిటీస్ రాయడం మర్చిపోయా అని చెప్పి అప్పుడు ఎవరూ బాధ్యులు కారన్న మాట రాశాడు. అది ఫార్మాలిటీ అని అతనే పేరు పెట్టేశాడు. ఆ ఒక్క మాట మీద ఎంత గొడవ జరిగిందో నీకు తెలుసు, ఎవరికి కావాల్సిన అర్థం వాళ్ళు తీసుకున్నారు.

నీ కథలో నాకు అసలు అభ్యంతరం ఇక్కడే. నిపుణుడు ఎవరు రాశారో చెప్పగలడేమో, ఎందుకు చనిపోయిందో కాగితంలోంచి తీసి చెప్పలేడు. 2010లో సిన్సినాటిలో పెస్టియన్ అనే ఆయన టీమ్ ఆ పాత 33, 33 ఉత్తరాలే మానసిక వైద్య నిపుణులకిచ్చి ఏది నిజమో చెప్పమంటే 63 శాతమే కరెక్ట్ గా చెప్పారు, ట్రైనీలు 49, అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. కంప్యూటర్ ప్రోగ్రాం 78 దాకా వెళ్ళింది. జీవితమంతా ఈ పనిలో ఉన్నవాళ్ళే మూడింట ఒకటి తప్పు చెప్తుంటే నీ నిపుణుడు టీ తాగుతూ తేల్చేస్తాడా? మన కోర్టుల్లో కూడా ఉత్తరంలో పేరు ఉన్నంత మాత్రాన ఆ పేరున్నవాడు ఆత్మహత్యకి ప్రేరేపించినట్టు కాదు, వేరే ఆధారాలు చూడాలి. పైగా మన దగ్గర ముందు జరిగేది చేతిరాత పోల్చడం, హైదరాబాద్ రామాంతపూర్ లో సెంట్రల్ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, అక్కడ ఆ పని చేసే విభాగం ఉంది, ఆ అమ్మాయి పాత నోటుబుక్కులు, బ్యాంకు సంతకం ఎస్సై వెతికి పంపించాలి. ఆ వెతుకులాటే కథ చేసుకో, ఒక పెళ్ళైన ఆడపిల్ల చేతిరాత ఉన్న కాగితం కోసం ఇల్లంతా వెతికితే చీటీల లెక్క తప్ప ఏం దొరకదు, అది రాస్తే నీ ఉత్తరం రెండు పేజీలు అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు. ఎలా చనిపోయింది అన్నది కూడా తీసెయ్, పాఠకుడికి దాంతో పనిలేదు, చదివేవాళ్ళలో ఎవరు ఏ పరిస్థితిలో ఉన్నారో మనకి తెలియదు.

ఒక మాట సొంతంగా. నేను ఇవి చదవడం మొదలుపెట్టిన ఏడాది మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు, మా ఆవిడ పుస్తకాలు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. నువ్వు రాత్రుళ్ళు రాస్తావని చెప్పావు, ఈ కథ మాత్రం పగలు రాయి. బరువుగా అనిపిస్తే నాకు ఫోన్ చెయ్, నేను ఎత్తకపోతే 14416 ఉంది, టెలిమానస్ అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను, తెలుగులోనే మాట్లాడతారు, ఏ టైంకైనా. సిగ్గుపడే పని కాదు అది.

రెండో డ్రాఫ్ట్ మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయిది ఏ ఊరో నాకు రాసి పంపు. నీ కథలో ఎక్కడా లేదు. వాళ్ళింట్లో అమ్మని ఏమని పిలుస్తారో కూడా.

మీ అన్న