18 ఏళ్ళ తర్వాత కథోలిక పూజకు (మాస్‌కి) తిరిగి రావడం: ఈస్టర్ రోజే సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోవచ్చా?

మీరు రాసింది ఇదీ: చిన్నప్పుడు ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక) గుడిలో జ్ఞానస్నానం (బాప్తిస్మం), మొదటి సత్ప్రసాదం అయ్యాయి. గుడి మానేసి 18 ఏళ్ళు. మధ్యలో రెండేళ్ళు వేరే క్రైస్తవ సంఘానికి వెళ్ళి అక్కడ నీళ్ళలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నారు. భార్య హిందువు, పెళ్ళి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది. ఈ ఈస్టర్‌కి పూజకు వెళ్ళి సత్ప్రసాదం తీసుకోవచ్చా అని అడిగారు.

పూజకు ఈ ఆదివారమే వెళ్ళండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. సత్ప్రసాదానికి మాత్రం ఇంకొంత ఆగాలి. అది ఎన్నాళ్ళన్నది ముఖ్యంగా మీ పెళ్ళి సంగతి మీద ఆధారపడి ఉంటుంది, మీరు మానేసిన 18 ఏళ్ళ మీద కాదు.

చాలామంది ఇక్కడే తడబడతారు. పవిత్ర వారంలో (ఈస్టర్‌కి ముందు వారం) పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే వరుసలో నిలబడతారు, వెనక నలభై మంది ఉంటారు. లోపలికి వెళ్ళి చివర్లో "పెళ్ళి రిజిస్టరాఫీసులో అయింది ఫాదర్" అంటారు. అది సరిచేసుకున్నాకే పాపవిమోచనం అని ఫాదర్‌గారు చెప్పాల్సి వస్తుంది. తలుపు మూసేశారనుకుని మనిషి ఇంకో పదేళ్ళు కనిపించడు. నిజానికి ఆయన మూసిందేమీ లేదు, పనుల క్రమం తప్పిందంతే. కథోలికులు గురువు (ఫాదర్), ఇద్దరు సాక్షుల ముందు పెళ్ళి చేసుకోవాలి, లేదా వేరేచోట చేసుకోవడానికి మేత్రాణుల (బిషప్) దగ్గర మినహాయింపు పొందాలి. ఈ రెండూ లేకపోతే శ్రీసభ (కథోలిక సంఘం) దృష్టిలో ఆ పెళ్ళి చెల్లదు. ప్రభుత్వం దృష్టిలో ఎలాగూ చెల్లుతుంది, మీ పిల్లలకు దాని వల్ల మచ్చేమీ రాదు.

కాబట్టి ముందు మీ విచారణ (పారిష్, అంటే మీ ప్రాంతపు గుడి పరిధి) గురువుగారిని విడిగా కలవండి. పాపసంకీర్తనానికి కాదు, మాట్లాడటానికి. ఈస్టర్‌కి ముందు వారం వద్దు, ఆయనకు ఊపిరి సలపదు. ఈస్టర్ అయ్యాక బుధ, గురువారాల్లో ఫోన్ చేసి అరగంట అడగండి. మీరు నివసించే ఇల్లు ఏ విచారణ కిందికి వస్తుందో అక్కడికే వెళ్ళండి, పుట్టిన ఊరి విచారణకు కాదు. మూడు సంగతులూ మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేయండి: పెళ్ళి ఎక్కడ అయింది, ఇద్దరిలో ఎవరికైనా అంతకుముందు పెళ్ళి ఉందా, వేరే సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారా.

ముందు పెళ్ళి లేకపోతే పని తేలికే. మీ జ్ఞానస్నాన సర్టిఫికెట్ కొత్తగా తీయించాలి. ఇంట్లో పెట్టెలో ఉన్న పాతది పనికిరాదు. పెళ్ళి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) లాంటివన్నీ జ్ఞానస్నానం రిజిస్టరులో మీ పేరు పక్కన ఎక్కిస్తారు, ఆ మార్జిన్‌లో ఏముందో కొత్త కాపీలోనే తెలుస్తుంది. రిజిస్టరు పోయిందంటే కంగారు వద్దు, మీ జ్ఞానస్నానం చూసిన నమ్మకమైన మనిషి ఒక్కరు సాక్ష్యం చెప్పినా సరిపోతుంది. దాంతోపాటు రిజిస్టరు పెళ్ళి సర్టిఫికెట్, ఫోటోలు, మీరిద్దరూ వేరే పెళ్ళి బంధంలో లేరని చెప్పే సాక్షులు కావాలి. మీ ఆవిడకు జ్ఞానస్నానం లేదు కాబట్టి మేత్రాణుల మినహాయింపు తప్పనిసరి, ఆ దరఖాస్తు ఫాదర్‌గారే పంపుతారు. ఆవిడ మతం మారక్కర్లేదు. మీ విశ్వాసం నిలుపుకుంటానని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కథోలికులుగా పెంచడానికి నా చేతనైనంతా చేస్తానని మాట ఇవ్వాల్సింది మీరు. ఆ మాట ఇచ్చినట్టు ఆవిడకు తెలిసి ఉండాలి, అంతే. ఇది ముందే ఇంట్లో నెమ్మదిగా మాట్లాడుకోండి. ఫాదర్‌గారి గదిలో మొదటిసారి విని ఆవిడ ముఖం మాడ్చుకుంటే తప్పు ఆవిడది కాదు.

అనుమతి వచ్చాక మళ్ళీ మండపం, భోజనాలు ఏమీ అవసరం లేదు. గుడిలో గురువు, ఇద్దరు సాక్షుల ముందు ఇద్దరూ కొత్తగా సమ్మతి చెబితే చాలు. "మా పెళ్ళి అయిపోయిందిగా, మళ్ళీ ఎందుకు" అని ఆవిడ ససేమిరా అంటే దానికీ దారి ఉంది. సమ్మతి మళ్ళీ చెప్పించకుండానే పెళ్ళిని మూలం నుంచి సరిచేసే అధికారం మేత్రాణులకు ఉంది. ఇది అడిగితే తప్ప చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నా. ఇద్దరిలో ఒకరికి ముందు పెళ్ళి ఉండి ఆ భాగస్వామి బతికే ఉంటే మాత్రం మేత్రాసన న్యాయస్థానం (బిషప్ పరిధిలోని చర్చి కోర్టు) దాకా వెళ్ళాల్సి రావచ్చు, దానికి చాలా కాలం పడుతుంది.

రెండో బాప్తిస్మం సంగతి. జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. మొదటిది సరిగ్గా జరిగి ఉంటే రెండోది లెక్కలోకి రాదు, తిరిగి వచ్చినప్పుడు మూడోది కూడా ఇవ్వరు. శ్రీసభను వదిలి వెళ్ళడం మాత్రం గంభీరమైన విషయం, పాపసంకీర్తనంలో చెప్పాలి. మేత్రాణుల దాకా వెళ్ళాల్సిన అవసరం ఉందా లేదా అన్నది ఫాదర్‌గారు చూసుకుంటారు. ఆ రెండేళ్ళ అలవాటు ఇంకోచోట, పూజలో పరలోక జపం చెప్పేటప్పుడు, బయటపడుతుంది. "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అని నోటికి వచ్చేస్తుంది, చుట్టూ అందరూ "మీ నామము పూజింపబడును గాక" అంటుంటారు. "కీడులో నుండి మమ్ము రక్షించండి" దగ్గర ఆగిపోండి. మధ్యలో గురువు ఒక ప్రార్థన చెప్పాకే "రాజ్యము, బలము, మహిమ" వస్తుంది. మీరు ఒక్కరే ముందుకు వెళ్ళిపోతే నలుగురూ వెనక్కి తిరిగి చూస్తారు, దానికేం ఫరవాలేదు.

ఇక పాపసంకీర్తనం. పెళ్ళి సరిచేసే రోజు, దానికి ముందే పెట్టుకుంటే ఆ రోజు నుంచే సత్ప్రసాదం తీసుకోవచ్చు. ఇన్నేళ్ళ తర్వాత కాబట్టి పూజకు పది నిమిషాల ముందు కాకుండా విడిగా టైము తీసుకోండి. పది ఆజ్ఞలు ముందు పెట్టుకుని ఒక్కొక్కదాని కింద గుర్తొచ్చింది కాగితం మీద రాసుకోవచ్చు, తర్వాత చింపేయండి. పెద్ద పాపాలు ఏమిటో, సుమారు ఎన్నిసార్లో చెప్పాలి. "18 ఏళ్ళు దాదాపు ఏ ఆదివారమూ పూజకు వెళ్ళలేదు" అంటే ఆ లెక్క అయిపోయినట్టే, ఆదివారాలు కూడి చెప్పక్కర్లేదు. అత్తగారి తప్పులు, అన్నగారి ఆస్తి గొడవ అక్కడ వద్దు. నిజంగా మరిచిపోయినవి కూడా క్షమాపణలో కలిసిపోతాయి, తర్వాత గుర్తొస్తే వచ్చేసారి చెప్పండి. సిగ్గుపడి కావాలని దాచిన పెద్ద పాపం ఒక్కటి ఉన్నా ఆ పాపసంకీర్తనం చెల్లదు. మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడే ప్రార్థన) మరిచిపోయారా? ఆ మాట ఆయనకే చెప్పండి, వెంట చెప్పిస్తారు. ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో పాపసంకీర్తనం కుదరదు. తెలిసిన ఫాదర్ దగ్గర సిగ్గనిపిస్తే వేరే విచారణలోనో గుణదల లాంటి యాత్రాస్థలంలోనో చేసుకోండి, అది పూర్తిగా మీ హక్కు.

అప్పటిదాకా ఆదివారం పూజలో సత్ప్రసాదం వేళ మీ చోట మీరే ఉండండి. ఊళ్ళో అయితే చుట్టాలు "వెళ్ళవేం" అని మోచేత్తో పొడుస్తారు. ఆ ఒత్తిడికి లేచి వెళ్ళడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఇంగ్లీషు పూజకు వెళ్ళేవాళ్ళయితే 2011 చివర్లో పూజలో ప్రజలు చెప్పే జవాబులు మారాయి, "అండ్ ఆల్సో విత్ యూ" బదులు "అండ్ విత్ యువర్ స్పిరిట్" అంటారు.

ఈస్టర్ ఒక్క రోజుతో అయిపోదు. పాస్కా (ఈస్టర్) కాలం పెంతెకోస్తు పండుగ దాకా 50 రోజులు, 2026లో అయితే ఏప్రిల్ 5 నుంచి మే 24 వరకు. ఏడాదికోసారైనా, వీలైతే పాస్కా కాలంలోనే సత్ప్రసాదం తీసుకోవాలన్న నియమం 1215 నాటి లాటెరన్ మహాసభ నుంచి ఉంది, ఈస్టర్ ఆదివారమే తీసుకోవాలని అది చెప్పదు. ఈస్టర్ తర్వాతి ఆదివారం దైవ కరుణ ఆదివారం. ఆ రోజు పూజకు వస్తే చాలు, పాపాలూ వాటి శిక్షా అన్నీ పోతాయని కొందరంటారు. పాపసంకీర్తనం, సత్ప్రసాదం లేకుండా ఆ పరిపూర్ణ ఫలం (పాపాల శిక్ష పూర్తిగా తొలగడం) దొరకదు.

మీరు సత్ప్రసాదం తీసుకునే రోజు వచ్చాక, దానికి గంట ముందు నుంచి ఏమీ తినకండి, నీళ్ళు, మందులు ఫరవాలేదు. చేతిలో తీసుకుంటే గురువు ముందే నోట్లో వేసుకోండి. పెళ్ళి సరిచేశాక, ఆ సంగతి మీకు జ్ఞానస్నానం ఇచ్చిన ఊరి రిజిస్టరులో ఎక్కిందో లేదో రెండు నెలల తర్వాత ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఉత్తరం పంపడం చాలాచోట్ల మరిచిపోతారు.