జర్మనీని కూడా చీల్చారు కదా, యుద్ధం కొరియాలోనే ఎందుకు వచ్చింది?

మీ ప్రశ్న ఇది: "కమ్యూనిజం పేరుతో అమెరికా, సోవియట్ యూనియన్ పోటీపడి జర్మనీనీ, కొరియానీ రెంటినీ చీల్చాయి. జర్మనీలో యుద్ధం రాలేదు. కొరియాలో లక్షల మంది ఎందుకు చనిపోయారు? తప్పు ఎవరిది?"

నేను చరిత్రకారుణ్ణి కాదు. మాది విశాఖ, మెరైన్ ఇంజనీరుని. ఓడ కట్టించుకునే కంపెనీ తరఫున పని సరిగ్గా జరుగుతోందో లేదో చూసే టీమ్‌లో, దక్షిణ కొరియాలోని గోజే ద్వీపంలో కొన్నేళ్లు ఉన్నాను. ఆ యుద్ధం తాలూకు అతి పెద్ద ఖైదీల క్యాంపు ఉన్నది ఆ ద్వీపంలోనే. అక్కడ విన్నదీ, తర్వాత పట్టుబట్టి చదివిందీ కలిపి చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, జర్మనీలో రెండు పెద్ద సైన్యాలూ ఎదురెదురుగా కూర్చుని కదల్లేదు. 1948లో స్టాలిన్ బెర్లిన్‌కి దారులు మూసేసినా ఎవరూ కాల్పుల దాకా వెళ్లలేదు, ఎందుకంటే మొదటి గుండుతోనే నేరుగా అమెరికా-రష్యా యుద్ధం మొదలైపోతుంది. కొరియాలో అలా కాదు. గీత గీశారు, చెరో ప్రభుత్వాన్నీ నిలబెట్టారు, తుపాకులిచ్చి సైన్యాలతో వెళ్లిపోయారు. సోవియట్ సేనలు 1948 చివరికి, అమెరికన్ సేనలు 1949 జూన్‌కి ఖాళీ చేశాయి. ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి యుద్ధం.

ఆ గీత సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. 1945 ఆగస్టు 10 రాత్రి జపాన్ ఇంకా లొంగిపోలేదు, సోవియట్ సైన్యం అప్పటికే కొరియాలోకి వస్తోంది. వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు కల్నల్స్‌ని పిలిచి, ఎవరి సైన్యం ఎక్కడిదాకా ఉండాలో తేల్చమన్నారు. ఇచ్చిన టైమ్ దాదాపు అరగంట. వాళ్ల చేతిలో ఉన్నది నేషనల్ జియోగ్రాఫిక్ మ్యాపు. సియోల్ తమవైపు ఉండేలా 38వ అక్షాంశం దగ్గర గీత పెట్టారు. స్టాలిన్ మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ముప్పై అయిదేళ్లు జపాన్ పాలనలో నలిగిన కొరియన్లలో ఒక్కర్ని కూడా ఎవరూ అడగలేదు.

అయితే ఇక్కడే ఆగిపోయి నెపమంతా పెద్ద దేశాల మీదకు నెట్టేస్తే మాత్రం నేను ఒప్పుకోను. అది కొరియన్లను ఉత్త బొమ్మలుగా చూడటమే. మన తెలంగాణలో దున్నేవాడికే భూమి అంటున్న రోజుల్లోనే, 1946 మార్చిలో, ఉత్తర కొరియాలో భూస్వాముల భూములు లాక్కుని రైతులకు పంచారు. పేద రైతులు సంతోషించారు. భూములు పోయినవాళ్లు, క్రైస్తవులు, వ్యాపారులు వేల సంఖ్యలో దక్షిణానికి పారిపోయారు. ఆ పగతో వచ్చిన కుర్రాళ్లు ముఠాలు కట్టి దక్షిణాన వామపక్షం వాళ్లని వేటాడారు. ఎన్నికలు చూడటానికి వచ్చిన ఐక్యరాజ్యసమితి కమిషన్‌ని ఉత్తరంలో అడుగుపెట్టనివ్వలేదు కాబట్టి 1948 మేలో ఎన్నికలు దక్షిణానికే జరిగాయి. (ఆ కమిషన్ అధ్యక్షుడు మన దేశస్థుడే, కె.పి.ఎస్. మీనన్.) దేశాన్ని శాశ్వతంగా చీల్చే ఈ ఎన్నికలు వద్దంటూ జెజు ద్వీపంలో తిరుగుబాటు లేచింది. దాన్ని అణిచేటప్పుడు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు, వేలాది మంది మామూలు జనం చచ్చిపోయారు. అసలు యుద్ధానికి ఇంకా రెండేళ్లు ఉందప్పటికి. 1949 అంతా 38వ అక్షాంశం వెంబడి రెండు వైపుల వాళ్లూ కొట్టుకుంటూనే ఉన్నారు. దక్షిణాన సింగ్మన్ రీ, ఉత్తరాన కిమ్ ఇల్ సంగ్, ఇద్దరిదీ ఒకటే మాట: దేశమంతా నాదే, అవసరమైతే బలంతో కలిపేస్తాను.

మరి కోరిక ఇద్దరికీ ఉన్నప్పుడు కిమ్ మాత్రమే ఎందుకు దాడి చేయగలిగాడు? పెద్ద దేశాల పాత్ర అసలు ఇక్కడుంది. రీ ఉత్తరం మీదకు దూకుతాడేమోనన్న భయంతో అమెరికా అతనికి ట్యాంకులివ్వలేదు. కిమ్‌కి సోవియట్ టీ-34 ట్యాంకులు అందాయి. 1949లో కిమ్ అనుమతి అడిగితే స్టాలిన్ కాదన్నాడు. 1950 మొదట్లో సరే అన్నాడు. ఈ మధ్యలో రష్యా అణుబాంబు పేల్చింది, చైనాలో మావో గెలిచాడు, అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్ తమ రక్షణ గీతను వివరించిన ప్రసంగంలో కొరియా దాని బయటే ఉండిపోయింది. స్టాలిన్ పెట్టిన షరతులు చూడండి: మావో కూడా ఒప్పుకోవాలి, మీరు చిక్కుల్లో పడితే మా సైన్యం రాదు. ఆ మాట మీద నిలబడి సోవియట్ పదాతిని పంపలేదు గానీ, సోవియట్ పైలట్లు చైనా, ఉత్తర కొరియా గుర్తులున్న మిగ్-15లు ఎక్కి రహస్యంగా పోరాడారు.

1950 జూన్ 25, ఆదివారం తెల్లవారుజామున దాడి మొదలైంది. మూడు రోజుల్లో సియోల్ పడిపోయింది. ఐక్యరాజ్యసమితి పేరుతో దక్షిణానికి అండగా అమెరికా దిగింది. సెప్టెంబరులో అమెరికన్ జనరల్ మెకార్థర్ సియోల్ దగ్గరి ఇంచియాన్ రేవులో సేనల్ని దించాక పరిస్థితి తలకిందులైంది. అప్పుడైనా 38వ అక్షాంశం దగ్గర ఆగాల్సింది. ఐక్యరాజ్యసమితి సేనలు గీత దాటి ఉత్తరానికి వెళ్తే ఊరుకోమని చైనా ప్రధాని జౌ ఎన్‌లై అర్ధరాత్రి అక్కడి మన రాయబారి పణిక్కర్‌ను పిలిచి మరీ చెప్పాడు. ఢిల్లీ ఆ కబురు అందించింది, వాషింగ్టన్ దాన్ని బెదిరింపు కిందే కొట్టిపారేసింది. రెండు వారాలు దాటాక చైనా సైన్యం సరిహద్దులోని యాలూ నది దాటి కొరియాలోకి వచ్చింది. 1951 వేసవికి ఇరు పక్షాలూ తిరిగి దాదాపు మొదలైన చోటికే వచ్చి చేరాయి.

జులైలో శాంతి చర్చలు మొదలయ్యాయి. కాల్పులు ఆగడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో ఎక్కువ కాలం సాగదీసింది ఒకే విషయం, యుద్ధ ఖైదీలు. గోజే క్యాంపులో ఒక దశలో సుమారు 1,70,000 మంది ఉన్నారు. ఎవరి ఖైదీలను వాళ్లకు అప్పగించాలని జెనీవా ఒప్పందం చెబుతోంది. ఇష్టం లేనివాళ్లని బలవంతంగా పంపం అని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పట్టుబట్టాడు. ఒక్కొక్కర్నీ అడిగి చూస్తే వెనక్కి వెళ్తామన్నవాళ్లు సుమారు 70 వేలే తేలారు. వేలమంది సొంత సైనికులే మీ దగ్గరికి రామంటే కమ్యూనిస్టు దేశాలకు పరువు సమస్య. అది లోకానికి చాటడం అమెరికాకు పెద్ద గెలుపు. రెండు వ్యవస్థల్లో ఏది మంచిదో ముళ్లకంచె వెనక ఖైదీలతో ఓటు వేయించినట్టుంది నాకది.

ఆ ఓటు ఎలా పడిందో ఒక పెద్దాయన దగ్గర విన్నాను. మా యార్డులో వెల్డర్‌గా రిటైరై, గోజేలోని గోహ్యాన్ పట్టణంలో చిన్న భోజన హోటల్ పెట్టుకున్నారు. మా కొరియన్ సహోద్యోగి అనువదిస్తుంటే మాట్లాడేవారు. 1950 డిసెంబరులో హంగ్నమ్ రేవు నుంచి అమెరికన్ ఓడలు దాదాపు లక్షమంది శరణార్థుల్ని దక్షిణానికి తెచ్చాయి. మెరిడిత్ విక్టరీ అనే ఒక్క సరుకు ఓడలోనే 14 వేల మంది. ఆ రేవు నుంచి తల్లితో వచ్చిన పసివాడు ఈయన. వారం, పది రోజుల్లో వచ్చేస్తారులే అని తండ్రి ఇంటి దగ్గరే ఉండిపోయాడట. వీళ్లు గోజేలో దిగి రైతుల ఇళ్లల్లో తలదాచుకున్నారు. అదే ద్వీపంలో, ఒక్క కొండ అవతల, ఆయన పెదనాన్న కొడుకు క్యాంపులో ఖైదీ. ఉత్తర సైన్యం బలవంతంగా చేర్చుకుంటే పట్టుబడ్డాడు. ఆ సంగతి యుద్ధం అయిపోయాక గానీ ఇంట్లోవాళ్లకి తెలియలేదు.

ఆ అన్నగారు దక్షిణంలోనే ఉండిపోయాడు. భార్యా, బిడ్డా ఉత్తరాన ఉన్నారు. "మరి ఎందుకు వెళ్లలేదు? కమ్యూనిజం అంటే పడదా?" అని అడిగాను. పెద్దాయన సూప్ గిన్నె నా ముందుకు జరిపి, "అన్నయ్యకి ఆ మాటకి అర్థమే తెలియదు బాబూ. వాడి బ్యారక్‌లో రాత్రిపూట కర్రలు పట్టుకున్నది అవతలి పక్షం వాళ్లు, అంటే కమ్యూనిస్టు వ్యతిరేకులు. వెళ్తానన్నవాణ్ణి తెల్లారేసరికి బతకనిచ్చేవాళ్లు కాదు. పక్క కాంపౌండులో ఉండుంటే ఉత్తరానికే వెళ్లేవాడు" అన్నారు. తర్వాత చదివితే అది ఆయనొక్కడి కథ కాదని తెలిసింది. కొన్ని కాంపౌండ్లలో కమ్యూనిస్టుల ప్రజాకోర్టులు నడిచాయి, కొన్నింటిలో కమ్యూనిస్టు వ్యతిరేకులు తోటివాళ్ల ఒళ్లమీద బలవంతంగా పచ్చబొట్లు పొడిచారు. 1952 మేలో ఖైదీలు క్యాంపు కమాండర్ జనరల్ డాడ్‌నే లోపలికి లాక్కుని బందీగా పట్టుకున్నారు.

1953 మార్చిలో స్టాలిన్ చనిపోయాక గానీ ముడి విడలేదు. జులై 27న కాల్పుల విరమణ. అప్పటికి చచ్చిపోయింది 20 లక్షలకు పైనే అని అంచనా, అందులో ఎక్కువమంది మామూలు జనం. వెనక్కి వెళ్లం అన్న 22 వేల పైచిలుకు ఖైదీల్ని మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన ఉన్న తటస్థ దేశాల కమిషన్ కింద మన సైనికులకు అప్పగించారు. భారత సైనికులు దక్షిణ నేల మీద కాలు పెట్టడానికి సింగ్మన్ రీ ఒప్పుకోకపోతే, ఓడల నుంచి నేరుగా హెలికాప్టర్లలో రెండు కొరియాల మధ్య ఉన్న సైన్యరహిత మండలానికి చేర్చాల్సి వచ్చింది. చివరికి ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దు, చైనా, తైవాన్ కూడా వద్దు అన్న 88 మంది మన సైన్యంతో పాటు 1954లో భారతదేశం వచ్చేశారు. వాళ్లలో చాలామంది తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లి స్థిరపడ్డారు.

తప్పెవరిదని అడిగారు. గీత గీసిన పాపం అమెరికా, సోవియట్ యూనియన్ రెంటిదీ. దాడికి పచ్చజెండా ఊపిన పాపం స్టాలిన్‌ది, మావోది. దాడి చేసింది కిమ్. ఉత్తరానికి వెళ్లొద్దంటే వినని పాపం అమెరికాది. ఖైదీల పేరుతో అంతకాలం సాగదీసినందుకు అన్ని పక్షాలనీ తప్పుపడతాను నేను, అదే అన్నిటికంటే క్షమించరానిదిగా అనిపిస్తుంది.

ఎప్పుడైనా బూసాన్ వెళ్తే గోజేకి బస్సులున్నాయి, 2010లో కట్టిన వంతెన, సముద్రం కింద టన్నెల్ మీదుగా వెళ్తాయి. గోహ్యాన్‌లో క్యాంపు పార్కు ఉంది. బొమ్మలు, మోనోరైలు చూసి వచ్చేయకండి. అప్పటి రాతిగోడలు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి, ముందు వాటి దగ్గరికి వెళ్లండి.