కుటుంబంతో క్యాంపింగ్‌కి క్యారవాన్ కొనాలా, ట్రైలర్ కొనాలా? ఒడిశాలోని జైపూర్ (జయపురం) నుంచి అడిగిన వారికి

మీరు ఐదుగురు. అందులో ఇద్దరు చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు. ఇంట్లో స్కార్పియో ఎలాగూ ఉంది కదా, దాని వెనక తగిలించుకునే, లోపల పడకలుండే ట్రైలర్ సరిపోతుందా, లేక సొంత ఇంజనుండే క్యారవాన్ కొనాలా అని అడిగారు.

మాది రాయగడ. మా బావగారికి ట్రైలర్ ఉంది, దాన్ని నేనూ లాగాను. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది చిన్న క్యారవాన్. మీరు జైపూర్‌లో ఉంటూ శని, ఆదివారాల్లో దేవమాలి కొండ, దుడుమ జలపాతం, అరకు వైపు వెళ్ళొద్దామనుకుంటే క్యారవానే తీసుకోండి. సెలవుల్లో గోపాల్‌పూర్‌లోనో, చిలికా ఒడ్డున రంభలోనో ఒకేచోట వారం పాటు ఉంటామంటే మాత్రం ట్రైలర్ మంచిది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన ఘాట్ రోడ్లు. మీకు కోరాపుట్ వెళ్ళాలన్నా ఘాటే. అక్కడి నుంచి సుంకి మీదుగా సాలూరు దిగాలన్నా ఘాటే. ఇరుకు మలుపులో ట్రైలర్ చక్రాలు కారు వెళ్ళిన జాడలో రావు, లోపలి వైపుకి కోసుకుంటూ వస్తాయి. అందుకని కారుని బయటికి పట్టి తిప్పాలి, అంటే ఎదురు లారీ వచ్చే దారిలోకి. మలుపు మధ్యలో లారీ ఎదురైతే రివర్స్ చేయాలి. ట్రైలర్‌తో రివర్స్ అంటే స్టీరింగ్ ఒకవైపు తిప్పితే అది రెండోవైపు పోతుంది. మైదానంలో నాలుగు రోజులు సాధన చేస్తే వస్తుంది. కానీ లోయ పక్కన, వెనక బస్సు హారన్ కొడుతుంటే, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటే వేరు.

దిగుడు ఇంకా కష్టం. దిగుడులో బరువు బండి ఎద్దుల మెడ మీదకి తోసుకొచ్చినట్టు ట్రైలర్ కారుని ముందుకి తోస్తుంది. బావగారి ట్రైలర్ తయారుచేసిన షెడ్డువాళ్ళు దానికి విడిగా బ్రేకులు పెట్టలేదు. సుంకి దిగుతుంటే మొత్తం భారం కారు బ్రేకుల మీదే పడి కాలిన వాసన వచ్చింది. పక్కకి ఆపి, చల్లారేదాకా కూర్చుని, మిగతా ఘాటంతా చిన్న గేరులో మెల్లగా దిగాం. ఆ తర్వాత ఆయన ఓవర్‌రన్ బ్రేకులు వేయించారు. కారు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకి నెట్టే ఒత్తిడితోనే అవి పట్టుకుంటాయి. అవి లేని ట్రైలర్ ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. మీ పిల్లలు కూర్చునేది దాని ముందే.

ట్రైలర్ వైపే మీ మనసు మొగ్గితే ముందు కారు మాన్యువల్ తీసి, ఎంత బరువు లాగవచ్చో, హుక్ బాల్ (కారు వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనుప గుండు) మీద ఎంత భారం పడవచ్చో చూడండి. లోడైన ట్రైలర్ బరువులో సుమారు 10 శాతం బాల్ మీద ఉండేలా సర్దుకోవాలి. 1,000 కిలోల ట్రైలర్ అయితే 100 కిలోలన్నమాట. బరువైనవన్నీ వెనక్కి పెడితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కదలకుండా పట్టుకోవాలి. నీళ్ళనీ లెక్కలో వేసుకోండి, 100 లీటర్లంటే 100 కిలోలు.

ట్రైలర్‌లో నాకు నిజంగా నచ్చింది ఒకటుంది. రంభలో దాన్ని విప్పి నిలబెట్టాక కారు ఖాళీ. పాలకి, మందులకి, పడవలు బయల్దేరే చోటికి హాయిగా తిరిగాం. క్యారవాన్‌తో ఆ సుఖం లేదు. దేవమాలి దగ్గర రాత్రి మా చిన్నదానికి జ్వరం వస్తే, బండి పక్కన నీడకి కట్టిన గుడ్డ మడిచి, గిన్నెలు సర్ది, పక్కలు ఎత్తి, అప్పుడు బండి కదిలించాల్సి వచ్చింది. ఆ అరగంట టెన్షన్ నాకు బాగా గుర్తు. పల్లెల్లో ఎత్తు కూడా చూసుకోవాలి. కిందికి వేలాడే కరెంటు తీగలు, జాతరలప్పుడు రోడ్డుకి అడ్డంగా కట్టే తోరణాలు తగులుతాయి.

అయినా నేను క్యారవాన్ అనడానికి రెండో కారణం మీ అమ్మగారు. ట్రైలర్‌లో మంచం, టాయిలెట్ అన్నీ వెనక ఉంటాయి, నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు ఉండకూడదు. కారు దిగి, రోడ్డు పక్కన నడిచి, మళ్ళీ ఎక్కాలి. క్యారవాన్ అయితే పక్కకి ఆపితే చాలు, వానలో కూడా బయటికి దిగనక్కర్లేదు. బండి కదులుతున్నప్పుడు మాత్రం అందరూ సీట్లలో బెల్టు పెట్టుకునే ఉండాలి. అందుకే ఎన్ని పడకలున్నాయని కాదు, ఆర్‌సీలో ఎన్ని సీట్లు రాశారు, ఎన్నిటికి బెల్టులున్నాయి అని అడగండి.

కాగితాల సంగతి. పాత టెంపో ట్రావెలర్ కొని లోపల మంచాలు వేయించుకుందామని చాలామంది చూస్తారు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ముందే ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది. ట్రైలర్‌కి కూడా సొంత రిజిస్ట్రేషన్ కావాలి. మీ కారు పాలసీ ట్రైలర్ లాగడానికి వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతలో తీసుకోండి.

ఏది కొన్నా రెండు జాగ్రత్తలు. డిసెంబరు, జనవరిలో కోరాపుట్ చలికి తట్టుకోలేక కుంపటి లోపల పెట్టుకుని పడుకోవద్దు. మూసిన బండిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండోది, టాయిలెట్ ట్యాంకు గెడ్డల్లో వంచొద్దు. కింది ఊళ్ళ వాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. ఇంటికి తెచ్చి మీ టాయిలెట్‌లోనే పోయండి, మేమూ అదే చేస్తాం.

కొనే ముందు రెండు రాత్రులకి విశాఖ నుంచి అద్దె క్యారవాన్ తెచ్చుకుని చూడండి. అడ్వాన్సు ఇచ్చే రోజున మాత్రం అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి. మెట్టు ఎత్తు ఆవిడ కాలికి అందుతుందా, పట్టుకోవడానికి కడ్డీ ఉందా, తలుపు వేసుకుని టాయిలెట్‌లో కూర్చుని ఎవరి సాయం లేకుండా లేవగలరా అన్నది అక్కడే చూసుకోండి. ఆవిడకి ఇబ్బందిగా ఉంటే ఆ బండి వదిలేసి ఇంకోటి చూడండి.