మీ ప్రశ్న - మా జవాబు: పార పట్టిన కోచ్‌కి ఆఫీసులో ఏం పని?

ప్రశ్న: జెఫ్ లిప్‌షట్ అనే ఆస్ట్రేలియా ఆయన ముందు ఫ్రీస్టైల్ స్కీయింగ్ కోచ్ అట, తర్వాత వింటర్ ఆటల సంస్థకి సీఈవో అయ్యారట. కోచ్ అంటే మైదానంలో ఉండాల్సిన మనిషి కదా, కుర్చీలో కూర్చుంటే ఆటకేం లాభం?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈయన విషయంలో బాగానే లాభం జరిగిందండీ. ముందు కోచ్ పనేంటో చెప్తా, టీవీలో అది సగం కూడా కనబడదు.

ఫ్రీస్టైల్‌లో ఏరియల్స్ అని ఒక పోటీ ఉంది, 1994 నుంచి ఒలింపిక్స్‌లో పతకాలిస్తున్నారు. స్కీలు కట్టుకుని వాలు మీద గంటకి అరవై కిలోమీటర్ల దాకా దూసుకొచ్చి, మంచుతో కట్టిన నిటారు దిమ్మె మీంచి గాల్లోకి లేచి, రెండు మూడు పల్టీలు కొట్టి, వాటి మధ్యలోనే మెలికలు తిరిగి, మళ్లీ ఇంకో వాలు మీద నిలబడాలి. ఆ దిగే చోట మంచు రాయిలా బిగుసుకుపోతే కాళ్లు పోతాయి. అందుకని కోచ్‌లే పారలు పట్టుకుని దాన్ని తవ్వి గుల్ల చేస్తారు. గాలి ఎటుంది, మంచు ఎంత జారుతోంది చూసుకుని ఎక్కడి నుంచి బయల్దేరాలో చెప్పాలి, నాలుగడుగులు తేడా వచ్చినా వేగం మారిపోయి లెక్క తప్పుతుంది. మనిషి గాల్లో ఉన్నప్పుడు కూడా కింద నుంచి అరుస్తూనే ఉంటారు. నేనైతే ఆ వీడియోల్లో పల్టీల కన్నా పార పట్టుకున్న మనుషుల్నే ఎక్కువ చూస్తాను.

1998 నాగానో ఒలింపిక్స్ అయ్యేసరికి వింటర్ ఆటల్లో ఆస్ట్రేలియా ఖాతాలో ఉన్నవి రెండే రెండు కాంస్యాలు. ఆ తర్వాత పెట్టిన సంస్థే ఇప్పటి ఒలింపిక్ వింటర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రేలియా, దాన్ని ఏళ్ల తరబడి నడిపింది లిప్‌షట్. మంచు కొండలు కొద్దిగా, సీజన్ పొట్టిగా ఉన్న దేశం, అన్ని ఆటల మీదా డబ్బు చల్లితే ఏదీ మొలవదు. ఏరియల్స్‌లో స్కీయింగ్ కన్నా పల్టీయే కష్టం, పల్టీ వచ్చినవాళ్లకి స్కీయింగ్ నేర్పడం తేలిక. ఈ లెక్క కోచ్‌కి తెలుస్తుంది గానీ ఉత్త గుమాస్తాకి తెలీదు కదా! అందుకే జిమ్నాస్టిక్స్ పిల్లల్ని వెతికి తెచ్చుకున్నారు. అలా వచ్చిన లిడియా లస్సిలా 2010 వాంకూవర్‌లో స్వర్ణం కొట్టింది. అంతకుముందు 2002 సాల్ట్ లేక్ సిటీలో గెలిచిన అలీసా క్యాంప్లిన్‌దీ జిమ్నాస్టిక్స్ నేపథ్యమే, ఆమె మంచు అనేది మొదటిసారి చూసిందే 19 ఏళ్లకి!

2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి ఆ దేశపు జట్టు మొత్తానికి నాయకుడిగా వెళ్లింది కూడా లిప్‌షటే. మొగల్స్‌లో, అంటే గుట్టలు గుట్టలుగా ఉన్న మంచు వాలు మీద దిగే పోటీలో, జకారా ఆంథనీ స్వర్ణంతో కలిపి నాలుగు పతకాలొచ్చాయి.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లండీ, చిన్నప్పటి నుంచీ జిమ్నాస్టిక్స్ చేస్తోంది. ఇప్పుడు వాళ్ల కోచ్ ఏరియల్స్ వైపు వెళ్లమంటున్నారు. మావారేమో ‘కాళ్లు విరగ్గొట్టుకోడానికా’ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, మెల్‌బోర్న్

జవాబు: మీవారి మాట కొట్టిపారేసేది కాదమ్మా. క్యాంప్లిన్ స్వర్ణం గెలిచిన రోజు రెండు చీలమండల్లోనూ ఎముకలు చిట్లి ఉన్నాయి. లస్సిలాకి 2006లో ట్యూరిన్ ఒలింపిక్స్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది.

అయితే తిన్నగా మంచు మీదకి పంపించరు. వాటర్ ర్యాంప్ ఉంటుంది: తడిపిన ప్లాస్టిక్ వాలు మీంచి స్కీలతో జారి, ఎగిరి, కొలనులో పడతారు. పడే ముందు అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీటిని మెత్తబరుస్తారు. కొత్త పల్టీ ఏదైనా ముందు నీళ్లలో కుదరాలి, ఆ తర్వాతే మంచు. ఇదివరకు ఇందుకోసం నెలల తరబడి అమెరికాలో పార్క్ సిటీకి పోయి ఉండేవారు, బీజింగ్ ఒలింపిక్స్ ముందే అలాంటి ర్యాంప్ బ్రిస్బేన్‌లో కట్టారు, మంచే పడని ఊళ్లో!

కోచ్‌ని ఒకటి అడగండి: ‘ఇవాళ గాలి బాలేదు, నేను ఎగరను’ అని పిల్ల అంటే మీరేం చేస్తారు? మొహం చూస్తే మీకే తెలిసిపోతుంది. ఖర్చెంత, ఎవరు పెట్టుకోవాలి అన్నదీ మొహమాటపడకుండా అడగండి. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మీ ఊళ్లోనే జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్ వాల్ట్‌లో కాంస్యం తెచ్చుకుంది, అమ్మాయి ఉన్న ఆటలోనే ఉంటానన్నా తప్పేం లేదు.

ప్రశ్న: నేను అనంతపురం నుంచి. పీఈటీ చేస్తున్నాను. ఫ్రీస్టైల్ స్కీయింగ్ కోచ్ అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: గుల్మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, మొదటి కోర్సు అక్కడ చేయండి. కోచింగ్‌కి పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో జిమ్నాస్టిక్స్ డిప్లొమా చూడండి, పల్టీ నేర్పడం అక్కడే వస్తుంది. స్కీలూ బూట్లూ గుల్మార్గ్‌లో అద్దెకి దొరుకుతాయి, ఇక్కడి నుంచి కొనుక్కుని మోసుకెళ్లకండి.